అప్‌డేట్: పొగమంచులో బెన్ నెవిస్ దిగడం
స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ (1,345 మీటర్లు) మీద మంచు కమ్మేస్తే ఒంటరిగా ఎలా దిగాలని అడిగాను కదా, మీరు చెప్పిన దిక్సూచి పద్ధతే దారి చూపింది. అందరికీ ధన్యవాదాలు.

శిఖరం మీది సర్వే స్తంభం నుంచి గ్రిడ్ లెక్కన (అంటే మ్యాపు గీతల ఉత్తరం నుంచి కొలిచి) 231 డిగ్రీల దిశలో 150 మీటర్లు, ఆపైన 282 డిగ్రీలు. ఆ 150 మీటర్లే కీలకం. తొందరపడి ముందే తిరిగితే కుడివైపు గార్డీలూ గల్లీ (గల్లీ అంటే ఇక్కడ కొండలోని నిటారు లోయ) అంచు. 282 పట్టాక ఎడమకు జరిగితే ఫైవ్ ఫింగర్ గల్లీ.

ఆ దూరం కొలవడానికి 100 మీటర్లకు మీ అడుగులెన్నో ముందే లెక్కపెట్టుకోండి. తడిరాళ్ల మీద అడుగు చిన్నదై లెక్క పెరుగుతుంది, దానికి కొంత కలుపుకోవాలి. ఫోను దిక్సూచికి దగ్గరుంటే ముల్లు పక్కకు లాగుతుంది. తడివేలికి స్క్రీన్ పలకదు, కాగితం మ్యాపు తప్పనిసరి. జీన్స్ మాత్రం వద్దేవద్దు, తడిస్తే ఒంట్లో వేడినంతా లాగేస్తాయి.