ఆడపిల్లలకి కంగారెక్కువా, మగపిల్లలు బయటికి చెప్పరా?

డెల్టాకుర్రోడు (భీమవరం): కాలేజీలో నిన్న దీని మీద పెద్ద గొడవ. 2001లో కోస్టా, టెర్రాసియానో, మెక్రే అనేవాళ్ళు 26 సంస్కృతుల్లో 23,031 మంది జవాబులు చూస్తే ఆడవాళ్ళకి ఆందోళన, ఆప్యాయత కాస్త ఎక్కువని, మగవాళ్ళకి గట్టిగా మాట్లాడే గుణం ఎక్కువని తేలిందంట. మనూళ్ళలో 20-25 ఏళ్ళ పిల్లల్ని చూస్తే నిజమేనంటారా?

చెరువుగట్టు (ఆకివీడు): దానికి సర్వే ఎందుకండీ. మా చెల్లికి 23, హైదరాబాద్‌లో జాబు. ఇక్కడ మా రొయ్యల చెరువు మీద మబ్బు పట్టిందంటే చాలు రాత్రి మూడింటికి ఫోను, అన్నయ్యా ఏరేటర్లు (నీళ్ళకి గాలి పట్టించే మిషన్లు) తిరుగుతున్నాయా, జనరేటర్లో డీజిల్ ఉందా అని. చెరువు మీద పడుకునేది నేను, నిద్ర పట్టనిది దానికి. ఇది పుట్టుకతో వచ్చేదే.

లంకపిల్ల (రాజోలు): తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలిపోతే పంటంతా పోద్ది, అది అడిగితే కంగారా? అదే మీ బావ అడిగితే జాగ్రత్త మనిషి అంటారు. ఆడామగా తేడా కన్నా మనిషికీ మనిషికీ ఉన్న తేడానే పెద్దదని కూడా ఆ పరిశోధనలోనే ఉంది, అదెవరూ ఎత్తరేం?

పూతరేకు: మా ఇంట్లో కంగారంతా నాన్నదే. బస్సుకి రెండు గంటల ముందే అందర్నీ బయల్దేరదీస్తాడు 😂

చెరువుగట్టు: మాకు బావ లేడు. దానికింకా పెళ్ళే కాలేదు. తెలీకుండా మాట్లాడకండి. పుట్టుక కాదు, పెంపకమే కారణమైతే, ఆడామగా ఒకేలా పెంచుతారనే యూరప్, అమెరికాల్లో ఆ తేడా ఇంకా పెద్దగా ఎందుకొచ్చిందో చెప్పండి.

లంకపిల్ల: ఎవరి గురించి వాళ్ళు నింపుకున్న కాయితాలండీ అవి. మనవైపు మగపిల్లోడు "నాకు భయమెక్కువ" అని టిక్కు పెడతాడా? రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వచ్చి మొదటి పంట పోయినప్పుడు మా అన్నయ్య మూడ్రోజులు అన్నం ముట్టలేదు, అమ్మ అడిగితే గ్యాసన్నాడు.

చెరువుగట్టు: గ్యాసేమో, మీకేం తెలుసు.

లంకపిల్ల: సరే, మీ చెరువు ఎవరి పేరునుంది?

చెరువుగట్టు: నాన్న పోయాక నాదీ చెల్లిదీ ఇద్దరి పేరునా ఉంది. అయితే?

లంకపిల్ల: సీడ్ (రొయ్య పిల్లలు) ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు పట్టాలో తనని ఏనాడైనా అడిగారా?

చెరువుగట్టు: దానికేం తెలుసని అడుగుతాం. లోనుకి మాత్రం పిలిపించి సంతకం పెట్టించాం.

లంకపిల్ల: అంటే అప్పు ఇద్దరిదీ, చెరువు మీ ఒక్కరిదీ. మరి మూడింటికి ఫోన్ చెయ్యదేంటండీ.

పూతరేకు: ఆయ్.

డెల్టాకుర్రోడు: నేనడిగిందేంటి, మీరు మాట్లాడేదేంటి...

చెరువుగట్టు: అది ఏనాడూ సంతకం మాటెత్తలేదు. ఏరేటర్ల గురించే అడుగుద్ది. ఉండండి, కరెంటు పోయింది, జనరేటర్ వెయ్యాలి.