కడప మాట మీద అబ్‌స్ట్రాక్ట్ పంపాల, రెండు పేజీల్లో ఎట్ల ఇమడ్చాల?

జమ్మలమడుగు పాప

అందరికీ నమస్తే. పీహెచ్‌డీ రెండో ఏడు. మా పక్క క్రియారూపాల మీద పని చేచ్చాండా. దక్షిణాసియా భాషల మీద జరిగే సభలు ఫాసల్‌కో సాలాకో అబ్‌స్ట్రాక్ట్ (పేపరు సారాంశం) పంపమని సీనియర్ అక్క అనింది. మా గైడ్ సార్ మాత్రం థీసిస్ అయినాక చూద్దాంలే అంటారు.

నా దగ్గరుండేది ఇదీ. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పక్క 'మా నాయన రేపు వచ్చాడు' అంటే వస్తాడని. అయిపోయినదానికైతే 'నిన్న వచ్చినాడు'. చేచ్చాడు, చూచ్చాడు, తెచ్చాడు అన్నీ అదే దారి. పోతాడు, తింటాడు మాత్రం మారవు. ఇప్పుడు టీవీలు, రీల్సు చూసే పిల్లోళ్లు 'నిన్న వచ్చాడు' అని కూడా అంటాండారు. అంటే ఒకే రూపం రెండు కాలాలకూ వచ్చి కూర్చునింది. వాళ్లు దాన్ని ఎట్ల విడదీసుకుంటాండారనేదే నా పని. అవ్వల మాటలు కూడా రికార్డు చేసినా. ఫోను ముందర పెట్టగానే పుస్తకం భాష ఎత్తుకుంటారు గానీ, చెనక్కాయల ధర అడిగితే చాలు, ఫోను సంగతే మర్చిపోతారు.

తెలుగు గురించి, ద్రావిడ కుటుంబం గురించి, కలమళ్ల శాసనం గురించి చెప్పి మొదలుపెట్టినా. ముక్కాలు పేజీ దానికే అయిపోయింది. ఏం తీసేయాల? అబ్‌స్ట్రాక్ట్‌లో నా పేరు ఉండకూడదంటారే, అదెట్ల?

బురుజువీధి సారు (కర్నూలు)

ఆ ముక్కాలు పేజీ మొత్తం కొట్టెయ్యమ్మా. నీ అబ్‌స్ట్రాక్ట్‌ను ఇద్దరో ముగ్గురో చదువుతారు, వాళ్ల ముందర అట్లాంటివి ఒక కట్ట ఉంటాయి. తెలుగు ద్రావిడ భాష అని వాళ్లకు తెలుసు. కలమళ్ల మీ ఎర్రగుంట్ల మండలంలోనే ఉంది కాబట్టి చెయ్యి దురదపెడుతుంది, కాదనను. కడప నుంచి వచ్చే ప్రతి వ్యాసమూ ఆ శాసనంతోనే మొదలవుతుంది. ఆరో శతాబ్దం రాతికీ రీల్సు చూసే పిల్లోడి 'వచ్చాడు'కూ ఏం సంబంధం?

ఇంక అసలు సంగతి. తెలుగు రాని రివ్యూయర్‌తో నీకు ఇబ్బంది లేదు. గ్లాస్ లైనులో, అంటే ఉదాహరణ కింద ఒక్కో ముక్కకు అర్థం రాసే వరుసలో, నువ్వు ఏం రాస్తే అదే నమ్ముతాడు. గుంటూరాయన చేతిలో పడిందనుకో, 'వచ్చాడు' కింద భవిష్యత్తు అని చూడగానే ఈ పిల్లకు కాలాలే తెలీవు అనుకుంటాడు. ఆయన నోట 'వచ్చాడు' అంటే ఎప్పుడూ జరిగిపోయినదే కదా. అందుకని నీ మొదటి ఉదాహరణే జంటగా పెట్టు: పైన కోస్తా వాక్యం, కింద కడప వాక్యం, పక్కనే ఏది ఎక్కడిదో. లైప్‌జిగ్ గ్లాసింగ్ రూల్స్ ప్రకారం మూడు వరుసలు రావాల. మొదటిదాంట్లో హైఫన్లతో విడగొట్టిన మాట, రెండోదాంట్లో ఒక్కో ముక్కకు అర్థం, మూడోదాంట్లో వాక్యం అర్థం. పైవరుసలో ఎన్ని హైఫన్లుంటే కిందా అన్నే ఉండాల. చాలామంది ఇక్కడే దొరికిపోతారు.

పాత పని గురించి ఒక్క వాక్యం చాలు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు నేలను పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య అని నాలుగు మాండలికాలుగా విడదీసినారు, నీది దక్షిణం. 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. క్రియల మీద పని చేసేదానివి, దాన్ని లాక్కురావద్దు.

'పరిశీలిస్తాను', 'చర్చిస్తాను' అనేవి ఎక్కడున్నా తీసెయ్. ఏం తేలిందో అది రాయి.

పేరు సంగతి: ఈజీచెయిర్ లాంటి సైట్లో ఫారంలో పేరు ఇస్తావు, పీడీఎఫ్‌లో ఉండకూడదు. ఫైలు ప్రాపర్టీస్‌లో ఆథర్ అని నీ పేరు కూర్చోనుంటుంది, అదీ తుడువు. గైడుకు కృతజ్ఞతలు, యూనివర్సిటీ పేరు, 'మా ఊరు' అనే మాట ఏవీ వద్దు.

టవర్‌క్లాక్ (అనంతపురం)

సార్ చెప్పినవి కాక రెండు ముక్కలు. తెలుగు లిపిలో ఉదాహరణలు పెట్టకు చెల్లీ, ఐఎస్ఓ 15919 పద్ధతిలో రోమన్‌లో రాయి. ట, ణ, ళలకు అక్షరం కింద చుక్క వస్తుంది. ఫాంట్ పీడీఎఫ్‌లో ఎంబెడ్ కాకపోతే అవతల ఆ అక్షరాలు డబ్బాలై కనపడతాయి. నీ కంప్యూటర్లో కాదు, ఫోన్‌లోనో ఇంకొకరి దగ్గరో తెరిచి చూడు.

గడువు పక్కన 'ఎనీవేర్ ఆన్ ఎర్త్' (భూమ్మీద ఏదో ఒకచోట ఆ తేదీ ఉన్నంతసేపూ) అని ఉంటే మన గడియారంలో మరుసటి రోజు సాయంత్రం 5:29 దాకా టైముంది. అట్లని ఐదింటిదాకా కూర్చోవద్దు.

'మీ విలువైన పరిశోధన' అంటా మెయిల్ పెట్టి, రెండు రోజుల్లో అంగీకారం, ముందే ఫీజు అనే సభల జోలికి పోవద్దు. అట్లాంటిదాంట్లో మా రూమ్మేట్ డబ్బు పోయింది.

నంద్యాల రోడ్డు

ఫాసల్ 2011లో అమెరికాలో మొదలైంది, ఎక్కువగా సిద్ధాంతాల వాళ్ల సభ. తీసుకున్నా వీసా, టికెట్టు ఎవరిస్తారు? తిరువనంతపురం ద్రావిడ భాషాశాస్త్ర సంఘం వాళ్ల సభకు ముందు పంపొచ్చు కదా. రైల్లో పోయి రావచ్చు. గైడు మాట కూడా నిలబడుతుంది.

బురుజువీధి సారు (కర్నూలు)

అక్కడికీ పంపాల్సిందే. కానీ ఫాసల్‌కు పంపడానికి ఖర్చేముంది? తీసుకోకపోయినా రివ్యూలు చేతికొస్తాయి. థీసిస్ అయినాక వచ్చే రివ్యూ దేనికి పనికొస్తుంది?

పాపా, ఒకటి అడుగుతా. నీ ఉదాహరణలన్నిటిలో 'రేపు', 'నిన్న' ఉండాయి. ఆ మాటలే కాలం చెప్పేస్తాండాయి కదా. అవి తీసేసి ఒట్టి 'వచ్చాడు' అని వినిపిస్తే ఏమంటారు? రివ్యూయర్ మొదట అడిగేది అదే.

జమ్మలమడుగు పాప

అది చూసినా సార్. పెద్దోళ్లు ఏమీ అడగరు, వస్తాడనే అనుకుంటారు. పిల్లోళ్లు మాత్రం 'వచ్చినాడా, వచ్చాడా?' అని తిరిగి అడుగుతారు. మామూలుగా 'నిన్న వచ్చాడు' అనే పిల్లోళ్లే, అనుమానం వచ్చేసరికి 'వచ్చినాడు' బయటికి తీచ్చారు. రెండో పేజీ చివర్లో రాసినా.

బురుజువీధి సారు (కర్నూలు)

రెండో పేజీ చివర్లోనా! అది మొదటి వాక్యం కావాల. ఎంతమందిని అడిగినావో, ఏ వయసువాళ్లో పక్కనే రాసి పంపు.