రాత్రి రెండింటికి వచ్చే ఇంటర్వ్యూ పిలుపులు

ప్రశ్న (కర్నూలు నుంచి):
అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి (మన పీజీ లాంటి శిక్షణ) ఈరాస్ అనే అక్కడి ఆన్‌లైన్ దరఖాస్తు వ్యవస్థ ద్వారా దరఖాస్తు చేశాను. నవంబరులో ఒక రాత్రి 2:10కి పిలుపు మెయిల్ వచ్చింది. న్యూయార్క్‌లో అప్పుడు మధ్యాహ్నం 3:40. నేనేమో క్యాజువాలిటీ డ్యూటీలో పాముకాటు కేసు దగ్గర ఉన్నాను. అయిదున్నరకు టీ తాగుతూ ఫోను చూస్తే తేదీలన్నీ నిండిపోయాయి. ఉన్న ఖాళీలకు మించి పిలిచి, ముందు జవాబిచ్చిన వాళ్లకు ఇస్తారట! మా నాన్నగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. "సీట్లకు మించి టిక్కెట్లు కొట్టడం ఆదోని బస్సులో సరే, ఇంటర్వ్యూలో ఎక్కడ నిలబడతావమ్మా?" అన్నారు. మన నీట్ పీజీ కౌన్సెలింగ్‌లో గడువు లోపల ఆప్షన్లు ఏ గంటకు పెట్టినా ర్యాంకే చూస్తారు. అక్కడ దీన్ని సరిదిద్దే ప్రయత్నం ఎవరూ చేయలేదా?

జవాబు 1 (అనంతపురం):
నా మెయిల్ చూసే పని మా తమ్ముడికి అప్పగించాను. ఉత్సాహం ఎక్కువై ఒకే రోజుకు రెండు ఇంటర్వ్యూలు ఒప్పేసుకున్నాడు. ఎవరికి అప్పగించినా క్యాలెండరు కూడా ఇవ్వండి.

జవాబు 2 (మాది కడప, అమెరికాలో గైనిక్ రెసిడెంటును):
చేశారండీ, మా విభాగంలోనే. ఖాళీలకు మించి పిలవకూడదని, జవాబుకు 72 గంటలు ఇవ్వాలని 2019-20 సీజన్‌కు గైనిక్ ప్రోగ్రాములకు, అంటే ఆ శిక్షణ ఇచ్చే ఆసుపత్రులకు, సిఫారసులు వచ్చాయి. చిక్కల్లా, అవి సిఫారసులే. పాటించకపోతే అడిగేవారు లేరు. పైగా 2020 నుంచి ఇంటర్వ్యూలు వీడియోలోకి మారి విమానం ఖర్చు తప్పడంతో, పిలిచిన ప్రతిచోటికీ సరేననడం సులువైంది. తమకు ఏ ప్రోగ్రాములంటే ఇష్టమో అభ్యర్థులు ముందే తెలిపే సిగ్నల్ పద్ధతిని ఈఎన్‌టీ వాళ్లు 2020-21లో మొదలుపెట్టారు, తర్వాత మిగతా విభాగాలూ అందుకున్నాయి. మంచిదే, కానీ రాత్రి రెండింటి మెయిల్‌ను అది ఆపదు. ఆపాల్సింది పిలిచేవాళ్లు. మీరు మాత్రం కోఆర్డినేటర్‌కు నాలుగు లైన్లు రాయండి. డ్యూటీ సంగతి దాచకండి. డిసెంబరులో చాలామంది తప్పుకుంటారు, నాకు దొరికినదీ అలాంటి ఖాళీయే.

ప్రశ్న అడిగినవారు:
రాశానండీ. పాముకాటు సంగతి కూడా రాశాను. నిన్న రాత్రి ఒంటిగంటకు జవాబు వచ్చింది, జనవరిలో ఒక తేదీ ఖాళీ అయిందట. నేను నిద్రలోనే ఉన్నాను. ఫోను దిండు కింద పెట్టుకుని మేలుకున్నది నాన్నగారు.