‘ఇస్తెర్ ఇస్తెమెజ్’ అంటే ఇష్టం లేకనా, ఆపుకోలేకనా?

సీరియల్‌_పిచ్చి: టర్కిష్ సీరియళ్లు చూసీ చూసీ భాష మీద పడ్డాను. నిన్న కోడలు ‘ఇస్తెర్ ఇస్తెమెజ్ గిత్తిమ్’ అంది. ఇష్టం లేకపోయినా వెళ్లానని అర్థం చేసుకున్నా. కాసేపటికి ఆవిడే ‘ఇస్తెర్ ఇస్తెమెజ్ గుల్దుమ్’ అంది. గుల్దుమ్ అంటే నవ్వాను. నవ్వడానికి ఇష్టం లేకపోవడమేంటండీ?

ఇజ్మీర్‌_కబుర్లు: విడదీసి చూడండి. ఇస్తెమెక్ అంటే కోరుకోవడం. ఇస్తెర్ అంటే కోరుకుంటుంది, ఇస్తెమెజ్ అంటే కోరుకోదు. రెండూ పక్కపక్కన పడేశారు, మధ్యలో ‘లేదా’ కూడా లేదు. మనసు ఊ అన్నా ఊహూ అన్నా పని అయిపోతుంది, అంతే. అందుకే కాళ్లీడ్చుకుంటూ వెళ్లినా ఆ మాటే, నవ్వాపుకోలేకపోయినా ఆ మాటే. మా పక్కింటావిడ తీపి మానేశానంటూనే బక్లావా పళ్లెం కనపడగానే చెయ్యి చాచి ‘ఇస్తెర్ ఇస్తెమెజ్’ అని కళ్లెగరేస్తుంది. ఇష్టం లేకేం!

పాఠాల_పోరు: క్లాసులో పరువు పోగొట్టుకున్నా. ‘నేను’ కదా అని ‘ఇస్తెరిమ్ ఇస్తెమెమ్ గిత్తిమ్’ అన్నాను. టీచరమ్మ ఇస్తెర్ ఇస్తెమెజ్ నవ్వేసింది. నేనైనా నువ్వైనా ఊరంతా అయినా ఆ జంట మారదట.

ఇంకో గొయ్యి ఉంది, చూసుకోండి. గెలిర్ గెల్మెజ్ కూడా ఇదే అచ్చు. ‘వస్తాడు, రాడు’. కానీ అర్థం ‘రాగానే’. మనం ‘వచ్చీ రాకముందే మొదలెట్టావా’ అంటామే, అలాగన్నమాట. దుయార్ దుయ్మాజ్ అంటే వినగానే. ఈ లెక్కన ఇస్తెర్ ఇస్తెమెజ్‌ని ‘కోరగానే’ అనుకుని ఒక కథ మొత్తం తలకిందులుగా చదివాను.

పాతబస్తీ_చాయ్: టర్కిష్‌లో మెజ్బూరెన్ అని కూడా ఉంది కదా? మా ఉర్దూ మజ్బూరన్ అదే, రెండూ అరబ్బీ నుంచే వచ్చాయి. అది వాడితే సరిపోదా?

ఇజ్మీర్‌_కబుర్లు: వెళ్లడానికి సరిపోతుంది, నవ్వుకి సరిపోదు. మెజ్బూరెన్ నవ్వానంటే మేనేజర్ జోకుకి నవ్వినట్టు. అందులో బలవంతమే ఉంది. ఇస్తెర్ ఇస్తెమెజ్‌లో ఒక్కోసారి మనసే జారిపోతుంది.

సీరియల్‌_పిచ్చి: ఇప్పుడు వెలిగింది! మరి రెండో వాక్యానికి తెలుగులో ఏం రాసుకోను? ‘అప్రయత్నంగా నవ్వాను’ అంటే పాఠ్యపుస్తకంలా ఉంది.

పాఠాల_పోరు: ‘నవ్వొచ్చేసింది’ అని రాసుకోండి. మనకి నవ్వు దానంతటదే వస్తుంది కదా, వేరే మాట దేనికి?