పగలు కరిగి రాత్రి గడ్డకట్టే మంచు: కొత్తవాళ్లు స్కీయింగ్‌కి ఏ టైమ్‌లో వెళ్లాలి?

మేం షార్లెట్‌లో ఉంటాం. వచ్చే శనివారం నార్త్ కరోలినాలోనే బ్లోయింగ్ రాక్ దగ్గరున్న అపలాచియన్ స్కీ మౌంటెన్‌కి వెళ్దామనుకుంటున్నాం. చిన్న కొండే, పైనుంచి కిందికి 365 అడుగులు. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప. ముగ్గురికీ స్కీయింగ్ రాదు.

పోయిన ఫిబ్రవరిలో ఇటువైపే ఇంకో చోటికి వెళ్లి దెబ్బతిన్నాం. ఉదయం 11కి చేరితే బూట్లు, స్కీలు అద్దెకు తీసుకునే లైన్‌లోనే గంటన్నర పోయింది. ఎండ 52 డిగ్రీల ఫారెన్‌హీట్. మెషిన్లతో చల్లిన మంచు మధ్యాహ్నానికి నానబెట్టిన అటుకుల్లా అయిపోయింది, స్కీలు కదిలితే ఒట్టు. జీన్స్ తడిసి పాప వణికిపోయింది. సాయంత్రం 6 దాటాక మళ్లీ ప్రయత్నిస్తే అదే మంచు గడ్డకట్టి గాజులా జారింది. పది నిమిషాల్లో నాలుగుసార్లు పడ్డాను (మా ఆవిడ వీడియో కూడా తీసింది).

ఈసారి వాటర్‌ప్రూఫ్ ప్యాంట్లు, గ్లోవ్స్ కొన్నాం. వారం నుంచి వెబ్‌క్యామ్ చూస్తున్నా. మంచు ఉందని తెలుస్తోంది గానీ మెత్తగా ఉందో గట్టిగా ఉందో అర్థం కావడం లేదు. శనివారం పగలు 47, అంతకుముందు రాత్రి 26 డిగ్రీలు అంటున్నారు.

ఇలాంటి వాతావరణంలో కొత్తవాళ్లు నేర్చుకోవడానికి ఉదయం తెరవగానే వెళ్లడం మంచిదా, గడ్డ కాస్త కరిగాక 11 ప్రాంతంలో మొదలుపెట్టడం మంచిదా?