గ్లాస్గో పెరట్లో కడప బండలా, పోర్సిలైనా?

గ్లాస్గో గోంగూర:
ఇంటి వెనక 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ప్యాటియో, అంటే బండలు పరిచిన అరుగులాంటిది, వేయిద్దామనుకుంటున్నాం. బిల్డర్ తలుపు ముందు రెండు వరసల కాంక్రీటు పలకలు వేసి వదిలేశాడు. మిగతాదంతా గడ్డి, గడ్డి కింద బంకమట్టి. చలికాలంలో దిగితే కాలు వస్తుంది, చెప్పు అక్కడే ఉండిపోతుంది. ముగ్గురిని కొటేషన్ అడిగితే మూడు మాటలు చెప్పారు. ఒకాయన రాజస్థాన్ ఇసుకరాయి అన్నాడు, ఇక్కడ ఇండియన్ శాండ్‌స్టోన్ అంటే ఎక్కువగా అదే. ఇంకొకాయన పోర్సిలైన్, అంటే పింగాణీ పలకలు, తప్ప వేరేది ముట్టుకోనన్నాడు. మూడో ఆయన క్యాటలాగ్ తెరిచి 'కడఫా బ్లాక్' చూపించాడు. మాది ప్రొద్దుటూరు. మా నాన్న గొడ్ల కొట్టంలో పరిచిన నాపరాయిని ఇక్కడ సోకుగా ఫొటో తీసి అమ్ముతుంటే మనసు అటే లాగుతోంది. మా ఆవిడ పోర్సిలైన్ అంటోంది. వానా, మంచూ రెండూ ఉన్న ఈ ఊళ్ళో ఏది నిలబడుతుంది? వేయించుకున్నవాళ్ళు చెప్పండి, గూగుల్ చేసి చెప్పేవాళ్ళు వద్దు.

ఎడిన్‌బరా అక్క:
తమ్ముడూ, ఇసుకరాయి వేయించుకుని ఆరేళ్ళయింది, చెప్తా విను. మొదటి రెండేళ్ళు చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. తర్వాత కంచె నీడ పడే వైపు పాకుడు పట్టింది, నల్ల మచ్చలు వచ్చాయి, బ్లీచింగ్ పెట్టి రుద్దినా పూర్తిగా పోలేదు. మూడో చలికాలంలో ఒక బండ పైపొర అప్పడంలా లేచింది. గోటితో పట్టుకుని లాగితే అరచేయంత ముక్క చేతికొచ్చింది, అడుగున తడి. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి కదా, రాయి పొరల్లో దూరిన నీళ్ళు రాత్రి ఉబ్బి పొద్దున కరిగి, మళ్ళీ రాత్రి ఉబ్బి ఇలా చేశాయన్నమాట. మన స్కాట్లండ్‌లో కెనడా అంత చలి ఉండదు, కానీ సున్నా చుట్టూనే అటూ ఇటూ ఊగుతుంది, పైగా ఎప్పుడూ తడే. రాయికి అదే అసలు దెబ్బ. మీ ఆవిడ మాట విను.

పైస్లీ పెసరట్టు:
అక్కా, ఒక్క బండ ఊడిందని రాయి మొత్తాన్ని తిడితే ఎలా? గ్లాస్గోలో పాత బిల్డింగులు సగం ఇసుకరాయివే, వందేళ్ళు దాటినా నిలబడి ఉన్నాయి. మీకు నాసిరకం సరుకు అంటగట్టి ఉంటారు.

ఎడిన్‌బరా అక్క:
గోడ వేరు, నేల వేరు బాబూ. గోడ మీద పడ్డ వాన జారిపోతుంది, గాలికి ఆరుతుంది. నేల మీద పడుకున్న బండ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆరనే ఆరదు. అయినా ఆ గోడల కింది వరసలు ఎప్పుడైనా దగ్గరికెళ్ళి చూశావా, పొట్టు రాలుతుంటుంది.

తాపీ మేస్త్రి కొడుకు:
మీరంతా పైన ఏం పరవాలని కొట్టుకుంటున్నారు, కింద ఏముందో ఎవరూ అడగట్లేదు. లివింగ్‌స్టన్‌లో మా పక్కింటాయన బండలు ఊగుతున్నాయంటే పోయిన జనవరిలో ఒకటి ఎత్తి చూశా. నాలుగు మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి, ఐదు ముద్దలు సిమెంటు మాలు పెట్టి బండ బోర్లించేశాడు మేస్త్రి. ముద్దల మధ్య ఖాళీలో మంచుగడ్డ, గాజుపలకలా, వేలెడు మందం. అదే బండను పైకి తోస్తోంది. అక్కడ పోర్సిలైన్ వేసినా, మన కడప రాయి వేసినా, బంగారం వేసినా ఊగుతుంది. మెత్తటి మట్టి తీసేసి కనీసం 100 మిల్లీమీటర్లు కంకర పోసి దిమ్మిస కొట్టాలి, బంకమట్టి అయితే ఇంకా ఎక్కువ. దాని మీద బండ అడుగు మొత్తానికి మాలు తగలాలి. ఇంటి నుంచి బయటకి 80కి 1 వాటం, అంటే నీ 4 మీటర్లకి 5 సెంటీమీటర్లు. పైతట్టు ఇంటి గోడ డ్యాంప్ ప్రూఫ్ పొర (నేల చెమ్మ పైకి ఎక్కకుండా గోడలో వేసేది) కన్నా 150 మిల్లీమీటర్లు కిందే ఉండాలి, లేకపోతే ప్యాటియో బాగుంటుంది గానీ హాల్లో గోడ చెమ్మగిల్లుతుంది.

టొరంటో తాత:
అసలు మాలు ఎందుకండీ? ఇక్కడ మేం కాంక్రీటు ఇంటర్‌లాక్ బిళ్ళలు కంకర మీద, సన్న చిప్స్ మీద పరుస్తాం. మంచుకి నేల ఉబ్బితే బిళ్ళలూ కాస్త లేచి కాస్త దిగుతాయి, పగలవు. ఒకటి రెండు కుంగితే ఎత్తి కింద సర్ది మళ్ళీ పెట్టుకోవడమే. చూడటానికి పెట్రోల్ బంకులా ఉంటుంది, ఒప్పుకుంటా. మా మనవడు సైకిల్ తొక్కుతాడు, వాడికి అందంతో పని లేదు.

బేతంచెర్ల బుల్లోడు:
ప్రొద్దుటూరు అన్నా, నేను పుట్టింది బండల ఫ్యాక్టరీల మధ్యే, కాబట్టి నామీద కోపం వద్దు. నాపరాయి అంటే సున్నపురాయి. దట్టంగా ఉన్న మంచి బండ నీళ్ళు పెద్దగా పీల్చదు, కానీ పొర ఉన్న బండ కూడా అదే లోడులో వస్తుంది, ఏది ఏదో చూపుతో చెప్పలేం. మంచు పరీక్ష రిపోర్టు అడుగు. బయట పరిచే రాతి బండల ప్రమాణం బీఎస్ ఈఎన్ 1341 ప్రకారం అమ్మేవాడి దగ్గర ఉండాలి, నీళ్ళు నమిలితే వదిలెయ్. రెండోది, ఆ నలుపు ఉండదు. క్యాటలాగ్‌లో ఉన్నది నూనె పట్టించిన నలుపు. ఎండా వానా తగిలితే బూడిదరంగుకి తిరుగుతుంది, నలుపు కావాలంటే మళ్ళీ మళ్ళీ సీలర్ పూయాలి. మూడోది, సిమెంటు మరకలు పోతాయని బ్రిక్ క్లీనర్ పోసేవు, అందులో యాసిడ్ ఉంటుంది, సున్నపురాయిని తినేస్తుంది. మన ఊళ్ళో గొడ్ల కొట్టంలో మంచు ఎప్పుడు పడింది చెప్పు?

గ్లాస్గో గోంగూర:
అందరికీ థ్యాంక్స్. తాపీ మేస్త్రి కొడుకు గారి పోస్టు చదివాక నిద్ర పట్టలేదు. మూడు శాంపిల్ ముక్కలు తెచ్చి బకెట్ నీళ్ళలో రెండు రోజులు నానబెట్టి, రాత్రి ఫ్రీజర్‌లో, పగలు సింకులో, ఇలా పది రోజులు తిప్పా. ఇడ్లీ పిండి పక్కన రాళ్ళేంటని ఇంట్లో గొడవ. ఇసుకరాయి అంచు నుంచి ఇసుక రాలింది, టీ స్పూన్‌కి సగం. కడప ముక్కలో పక్కన వెంట్రుకంత గీత కనిపించింది, ముందే ఉందేమో. పోర్సిలైన్‌కి ఏమీ కాలేదు.

పైస్లీ పెసరట్టు:
పది రోజుల ఫ్రీజర్ చూసి ఇరవై ఏళ్ళ మాట చెప్తావా? పోర్సిలైన్ పీల్చదు సరే, 0.5 శాతం కూడా దాటదు. మరి ఆ నీళ్ళు పైనే ఉంటాయి కదా, పొద్దున గడ్డకడితే చెత్త డబ్బా తెచ్చుకోవడానికి వెళ్ళి స్కేటింగ్ చేస్తావు. దోసె పెనం జారి పడితే అంచు పెచ్చు లేస్తుంది.

తాపీ మేస్త్రి కొడుకు:
జారడం నిజమే, అందుకే జారుడు రేటింగ్‌లో ఆర్ 11 ఉన్న గరుకుది తీసుకోవాలి, వాటం సరిగా ఉండాలి. జారుతోందని రోడ్డు ఉప్పు చల్లొద్దు, రాయికైనా కాంక్రీటుకైనా చేటు, ఇసుక చల్లుకో. అన్నిటికన్నా ముఖ్యం, పోర్సిలైన్ నీళ్ళు పీల్చదు కాబట్టి మాలునీ పట్టుకోదు. అడుగున స్లర్రీ ప్రైమర్, అంటే మాలు అంటుకునేలా చేసే పూత, పూయకపోతే రెండో చలికాలానికి పళ్ళెంలా ఎత్తుకోవచ్చు. ప్రైమర్ అంటే ఏంటని అడిగే మేస్త్రి అయితే రాయే వేయించుకో.

ఎడిన్‌బరా అక్క:
కోత పని మీ ఇంటి దగ్గరే చేస్తే నీళ్ళు పోస్తూ కోయమను, కిటికీలు మూసుకోండి. మా దగ్గర ఇసుకరాయి పొడిగా కోశాడు, వారం దాకా గిన్నెల మీద దుమ్మే. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు.

గ్లాస్గో గోంగూర:
సరే, ఆవిడే గెలిచింది, పోర్సిలైన్, 20 మిల్లీమీటర్ల మందంది. కడప బండ ఒకటి మాత్రం కొన్నా, వెనక తలుపు పక్కన చూరు కింద రోలు పెట్టుకోవడానికి, అక్కడ వాన పడదు. అడుగు మొత్తానికి మాలు, స్లర్రీ, 150 మిల్లీమీటర్ల కంకర, 5 డిగ్రీల కింద మాలు కలపకూడదు, ఇవన్నీ కొటేషన్‌లో రాసివ్వమని మేస్త్రికి మెసేజ్ పెట్టా. మంగళవారం నుంచి ఫోన్ ఎత్తట్లేదు. గ్లాస్గో చుట్టుపక్కల ఎవరికైనా తెలిసిన మంచి మేస్త్రి ఉంటే చెప్పండి.