జాతరలో తీసిన మనుషుల ఫోటోలు అమ్మొచ్చా?

హన్మకొండ_ఫ్రేమ్స్:
మేడారం జాతర ఫోటోలు ఉన్నయి. నెత్తిన బంగారం (మొక్కు బెల్లం) పెట్టుకొని వస్తున్న పెద్దమ్మ, జంపన్నవాగుల తానాలు, నాన్న భుజాల మీద పాప. ముఖాలు సాఫ్‌గ కనబడుతున్నయి. ఒక బెల్లం కంపెనీ క్యాలెండర్‌కు అడుగుతున్నరు. స్టాక్ సైట్లల (ఫోటోలు అమ్మే వెబ్‌సైట్లు) కూడా పెడదామనుకుంటున్న. పబ్లిక్ జాగల తీసినంక పర్మిషన్ ఎందుకంటున్నరు కొందరు. నిజమేనా? స్టూడియో పెళ్లి ఫోటోల సంగతి కూడా చెప్పండి.

ఓరుగల్లు_వకీలు:
తీసినందుకు తప్పులేదు, వాడకం దగ్గరనే పేచీ. ఫోటో కాపీరైట్ మీదే, కానీ ఆ ముఖాన్ని ప్రచారానికి వాడే హక్కు మీకు రాదు. దీనికోసమే రాసిన చట్టం మన దగ్గర లేదు, కోర్టు తీర్పులే ఆధారం. అనుమతి లేకుండా మనిషి పేరు గానీ పోలిక గానీ ప్రకటనకు వాడితే ప్రైవసీ హక్కుకు భంగమని 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవసీ ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బెల్లం కంపెనీ పేరున్న క్యాలెండర్ అంటే ప్రకటనే. పెద్దమ్మ సంతకం లేకుండా ఇవ్వకండి. అదే ఫోటో జాతర వార్తకు పత్రిక వేసుకుంటే ఇంత ఇబ్బంది లేదు.

వాగులో తానాల ఫోటోలు మాత్రం అసలే అమ్మకానికి పెట్టకండి. ఐటీ చట్టం 66ఈ ప్రకారం ఒంటి మీది ప్రైవేటు భాగాలు, లోదుస్తుల్లో ఉన్నా సరే, అనుమతి లేకుండా తీసినా, ప్రచురించినా మూడేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అది పబ్లిక్ జాగ అన్న వాదన అక్కడ చెల్లదని సెక్షన్‌లోనే రాసి ఉంది.

కాజీపేట_స్టాక్:
స్టాక్ సైట్లలో రెండు దారులు. ‘ఎడిటోరియల్’ అంటే వార్తలకు, పుస్తకాలకు మాత్రమే: రిలీజ్ (ఫోటోలోని మనిషి సంతకం చేసిచ్చే అనుమతి పత్రం) అక్కర్లేదు, కానీ క్యాప్షన్‌లో ఊరు, తేదీ, సంగతి ఉండాలి. ఫోటోలో ఏదీ చెరపకూడదు, కలపకూడదు. ‘కమర్షియల్’ అయితే గుర్తుపట్టగలిగే ప్రతి మనిషికీ వేరువేరుగా మోడల్ రిలీజ్ కావాలి. ముఖం బ్లర్ చేస్తే సరిపోతుందనుకోవద్దు. పచ్చబొట్టు, చీర, పక్కనున్నవాళ్లు చూసి ఆ మనిషే తనను గుర్తుపడితే గుర్తుపట్టినట్టే.

రిలీజ్ ఫారంలో పేరు, చిరునామా, పుట్టిన తేదీ, షూట్ తేదీ, సంతకం రాయించి, ఆ ఫోటో చిన్న కాపీ అతికించండి. సాక్షిని అడిగే ఏజెన్సీలున్నయి, ఫోటోగ్రాఫరే సాక్షి అయితే వెనక్కి పంపుతరు. షూట్ తేదీ ఫైల్‌లోని తేదీతో కలవకున్నా అంతే. సంతకం రానివాళ్లకు తెలుగులో చదివి వినిపించి వేలిముద్ర తీసుకొని, వినిపించినట్టు సాక్షితో రాయించండి. ఎంతో కొంత డబ్బు ఇచ్చి ఆ మొత్తం ఫారంలో రాయండి: ప్రతిఫలం లేని ఒప్పందం 1872 కాంట్రాక్ట్ చట్టం కింద మామూలుగా చెల్లదు. 18 ఏండ్లు నిండనివాళ్ల సంతకానికి విలువ లేదు, పాపకు తల్లి గానీ తండ్రి గానీ చెయ్యాలె.

రిలీజ్ ఉన్నా మద్యం, రోగం, రాజకీయ ప్రచారాలకు ఇచ్చేముందు మళ్లీ అడగండి. అదే మర్యాద.

ఓరుగల్లు_వకీలు:
పెళ్లి ఫోటోలు మరచిపోయిన. డబ్బు ఇచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం హక్కు తీయించుకున్నవాళ్లదే. స్టూడియో ముందు ఫ్లెక్సీ వేయాలన్నా అడ్వాన్స్ రసీదు మీదనే రాయించుకోండి. క్యాలెండర్ కంపెనీకి కాపీరైట్ రాసిచ్చేటప్పుడు కూడా గడువు, ప్రాంతం రాయండి. రాయకుంటే చట్టం 5 ఏండ్లు, భారతదేశం వరకే అని లెక్కిస్తది.

హన్మకొండ_ఫ్రేమ్స్:
పెద్దమ్మ ఏ ఊరో తెల్వదు. అప్పుడెట్ల?

కాజీపేట_స్టాక్:
ఆ ఫోటో ఎడిటోరియల్‌కే పెట్టండి. క్యాలెండర్‌కు గద్దెల మీది బెల్లం కుప్పలు, వెనక నుంచి జనసందోహం, ముఖం పడని చేతులు చూపించండి.